చిన్నాకి, బిళ్ళ మానే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అరగంట తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి, పెట్టేసే ముందు, "అన్నట్టు అక్కా, వాడు ఆ బిళ్ళ మానేస్తాడట" అంది, ఏదో పేపరు వేయించుకోవడం మానేస్తున్నట్టు. నాకు రాత్రంతా నిద్ర లేదు. కొంత సంతోషమే. మిగతాది ఏమిటో ఫోన్‌లో చెప్పలేను. నేను ఏడుస్తాను, నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అంటావు, అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. మార్ఫిన్ లాంటి మత్తు మందుల అలవాటు మాన్పించే ఆ బ్యూప్రెనార్ఫిన్ బిళ్ళ మీద మూడేళ్లు ఉండి, మనిషివై, ఉద్యోగం నిలబెట్టుకున్నవాడివి. ఈ కబురు నాకు నువ్వు చెప్పాలా, మీ అమ్మ చెప్పాలా? మన ఇంట్లో ఆ దారిన వెళ్లి వచ్చింది నేనొక్కదాన్నే కదరా.

ఎందుకు మానాలనుకుంటున్నావో ముందు నీకు నువ్వే చెప్పుకో. మీ బాబాయి "ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నాడు" అన్నాడనా? ఆయన బీపీ బిళ్ళ ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నాడు, ఎప్పుడు మానతావని ఆయన్నెవరూ అడగరు. న్యూయార్క్‌లో డోల్, నిస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు, ఇలాంటిదే ఇంకో మందు, మెథడోన్‌తో వైద్యం గురించి 1965లో రాసినప్పటి నుంచీ ఈ మాట వినబడుతూనే ఉంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నీ, బ్యూప్రెనార్ఫిన్‌నీ అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. అయినా మన వాళ్లకి అది "మత్తు బిళ్ళే". ఇన్నేళ్లు వాడాక మానేసి తీరాలనే నియమం ఏదీ లేదు. జీవితాంతం వేసుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లు ఓడిపోయినవాళ్లు కారు. ఎవరి నోరో మూయించడానికే అయితే వద్దు. నీకే అనిపించి, నిద్ర, మనసు, పని ఏడాదిగా కుదురుగా ఉంటే, సరే, నేను నీ వెంట ఉన్నాను.

తెలిసిన విషయాలు గబగబా చెప్పేస్తాను. డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్క బిళ్ళ కూడా తగ్గించకు. ఎప్పుడు ఎంత తగ్గించాలో కాగితం మీద రాయించుకో. మద్యం జోలికి వెళ్లకు, నిద్ర మాత్రలు సొంతంగా వేసుకోకు. ఇల్లు మారుతున్నప్పుడు, ఉద్యోగం మారుతున్నప్పుడు మొదలుపెట్టకు.

ఇక నా సంగతి. నీకు తెలుసనుకుంటావు కానీ తెలియదు. నువ్వప్పుడు ఏడో తరగతి. పెద్దమ్మకి బీపీ పడిపోయిందని చెప్పారు నీకు.

నా నడుము ఆపరేషన్, తర్వాత నొప్పి మాత్రలు, ఆ మాత్రలు నన్ను ఎక్కడికి తీసుకెళ్లాయో అదంతా నీకు చెప్పాను. నాలిక కింద బిళ్ళతో తేరుకున్నాను. డాక్టర్ మెల్లగా ఎనిమిది మిల్లీగ్రాముల నుంచి ఆరు, నాలుగు, రెండు దాకా తెచ్చారు. అన్నాళ్లూ నాకేమీ తెలియలేదు. ఒకట్రెండు రోజులు ఆవలింతలు, అంతే. దాంతో పొగరెక్కింది. పదహారు వేసుకున్న రోజులున్నాయి, రెండు ఒక లెక్కా అనుకున్నాను. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి వెళ్లలేదు. ఊళ్లో లేనని చెప్పించాను. మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు, పూర్తయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని.

ఆ లెక్క ఎంత తప్పో తర్వాత డాక్టర్ చెప్పారు. మెదడులో ఈ మందులు వెళ్లి కూర్చునే చోట్లు ఉంటాయి, రిసెప్టర్లంటారు. స్కాన్లు తీసి చూస్తే, పదహారు మిల్లీగ్రాములు వాటిలో దాదాపు 80 శాతాన్ని పట్టుకుంటాయట. రెండు మిల్లీగ్రాములు? ఒకటో రెండో శాతం అనుకున్నాను. దాదాపు 40! పదహారు నుంచి రెండుకి రావడం సగం దూరమే. మిగతా సగం ఆ చిన్న బిళ్ళలోనే ఉంది. దాన్ని నేను ఒక్క ఉదయం చెత్తబుట్టలో పడేశాను.

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. ఈ మందు ఒంట్లోంచి అంత తొందరగా పోదు, సగం తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది. నేనేమో గెలిచాననుకున్నాను. మూడో రోజు సాయంత్రం తుమ్ములు మొదలయ్యాయి, వరసగా పది, పదకొండు. ముక్కు, కళ్లు కారడం, ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకోవడం, దుప్పటి కప్పుకుంటే చెమట, తీస్తే వణుకు. విరేచనాలు. అదంతా పది పన్నెండు రోజుల్లో కాస్త తగ్గింది. తగ్గనివి రెండే, నిద్ర, కాళ్లు. ఎముకల్లో చీమలు పాకుతున్నట్టు ఉండేది, కాళ్లు ఒక చోట ఉండనిచ్చేవి కావు. అందుకని అర్ధరాత్రి లేచి కుట్టుమిషన్ ముందు కూర్చుని తొక్కేదాన్ని. దారం లేదు, గుడ్డ లేదు, ఊరికే తొక్కడం. కింది వాటాలో మీ అమ్మకి ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే వచ్చి, "ఏమిటక్కా రాత్రిళ్లు కుట్టేది, పగలు చాలదా" అని విసుక్కునేది. పండక్కి బట్టలు అనేదాన్ని.

ఆ మిషన్ సొరుగులో, దారపుండల కింద, పాత నొప్పి మాత్రల అట్ట ఒకటి ఉంది. మెల్లగా కరిగే మార్ఫిన్. నేను దాచుకోలేదని చెప్పను. ఇంట్లో ఉన్నా ముట్టుకోను చూడండి, అని నాకు నేను నిరూపించుకోవడానికి ఉంచానని అప్పట్లో అనుకునేదాన్ని. రోజూ రాత్రి నా మోకాలు ఆ సొరుగుకి తగులుతూ ఉండేది.

ఇరవై మూడో రాత్రి. మీ పెదనాన్న క్యాంపుకి వెళ్లారు. అప్పటికి నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. ఒక్కరోజు పడుకుంటే చాలు, రేపు మళ్లీ మామూలే అనుకున్నాను. సొరుగు తీశాను. ఎన్ని వేసుకోవాలో ఆలోచించలేదు కూడా, చెయ్యి పాత అలవాటు ప్రకారం పాత లెక్కే తీసింది. ఒళ్లు మాత్రం పాత ఒళ్లు కాదు. అప్పుడు తట్టుకున్నది ఇప్పుడు తట్టుకోలేదు. మింగి, నిద్ర వచ్చేదాకా అని మళ్లీ మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

మీ అమ్మ చెప్పింది, ఆ రోజు తనని లేపింది చప్పుడు కాదట, చప్పుడు ఆగిపోవడమట. రోజూ మెల్లగా తగ్గి ఆగేదట, ఆ రాత్రి మధ్యలో తెగిపోయిందట. "పోనీలే, పడుకుంది" అని అటు తిరిగి పడుకుని, ఎందుకో మళ్లీ లేచి పైకి వచ్చింది. రోజూ తలుపుకి లోపల గడియ పెట్టుకునేదాన్ని, ఆ రోజు మర్చిపోయాను. పెట్టి ఉంటే ఈ ఉత్తరం లేదు. నేను మిషన్ మీద తల పెట్టి ఉన్నాను, పెదాలు నీలంగా ఉన్నాయి, గురక లాంటి చప్పుడు ఎప్పుడో ఒకటి. అంబులెన్స్‌లో నలోక్సోన్, అదే మార్ఫిన్ లాంటి వాటికి విరుగుడు మందు, ఇస్తే కళ్లు తెరిచాను. ఆసుపత్రిలో గంట తర్వాత మళ్లీ ఊపిరి తగ్గిపోయింది. ఆ మందు గంట, గంటన్నర మించి పనిచేయదు, నేను మింగినవి ఇంకా కరుగుతూనే ఉన్నాయి. రెండోసారి ఇచ్చారు. లేచాడు కదా అని ఎవరినీ ఇంటికి పంపకూడదనేది అందుకే.

అందుకేరా, అందరూ నీకు విత్‌డ్రాయల్ గురించి, అదే మందు ఆపాక ఒళ్లు పడే బాధ గురించి చెబుతారు, నాకు దాని భయం లేదు. దేవుడు శపించినట్టు ఉంటుంది కానీ ఒంట్లో నీళ్లు తగ్గిపోకుండా చూసుకుంటే ఆరోగ్యవంతుణ్ణి అది చంపదు. చంపేది తర్వాత. మందు ఆపిన తొలి నాలుగు వారాల్లోనే చావులు బాగా పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. నేను ఇరవై మూడో రోజు.

రెండోసారి ఎలా మానానో కూడా చెబుతాను. ముందు మళ్లీ బిళ్ళ మీదకి వెళ్లాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. డాక్టర్ ఒక్క మాట అనలేదు, "ఎన్నింటికి వేసుకుంటారు, పొద్దున్నా, రాత్రా?" అని అడిగి రాసిచ్చారు. రెండేళ్లు అలాగే ఉన్నాను. తర్వాత ఆ రెండు మిల్లీగ్రాముల నుంచి సున్నాకి రావడానికి ఏడాది పైన పట్టింది. తక్కువ బలం బిళ్ళలు ఉంటాయి, వాటితో ఉన్నదాంట్లో కొంచెం కొంచెం తగ్గించారు. ఒకసారి తగ్గిస్తే మూడు, నాలుగు వారాలు అక్కడే. మీ పెదనాన్న పోయినప్పుడు నాలుగు నెలలు అదే డోస్‌లో ఉండిపోయాను, ఎవరూ తొందరపెట్టలేదు. ఇప్పుడు ఇదే మందు నెలకోసారి వేసే ఇంజెక్షన్‌గా కూడా వచ్చింది, ఆపాక నెలల తరబడి దానంతటదే తగ్గుతూ పోతుందట. నీకు సరిపోతుందేమో అడుగు.

క్లోనిడిన్ రాస్తే వేసుకో, చెమటలు, గుండెదడ తగ్గిస్తుంది. కానీ బీపీ పడేస్తుంది, మంచం మీంచి ఒక్కసారిగా లేవకు. విరేచనాలకి లోపెరమైడ్ అట్ట మీద రాసినంతే, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కాళ్లకి వేడినీళ్లు, నడక. ఎవరైనా నాల్ట్రెక్సోన్, అంటే మత్తు మందులు పనిచేయకుండా అడ్డుకునే మందు, మొదలుపెట్టమంటే, ఆఖరి బిళ్ళ వేసుకుని ఎన్ని రోజులైందో డాక్టర్‌కి నిజం చెప్పు. తొందరపడి వేస్తే విత్‌డ్రాయల్ అంతా ఒక్కసారే మీద పడుతుంది, రెండు వారాల దాకా కూడా ఆగమంటారు.

నిద్ర వారాల్లో రాదు, నెలలు పడుతుంది. ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఏడుపొస్తుంది. అన్నాళ్లు దూది చుట్టినట్టున్న మనసు ఒక్కసారిగా బయటపడుతుంది. నేను బస్సులో ఎవరో పిల్లాడు కిటికీ దగ్గర సీటు కోసం మారాం చేస్తుంటే ఏడ్చాను. అది పిచ్చి కాదు, సిగ్గుపడకు. కానీ ఏడుపు కూడా రాకుండా, బతకడం దేనికనిపిస్తే మాత్రం ఆ నిమిషమే నాకు చెప్పు, డాక్టర్‌కి చెప్పు, బిళ్ళ మళ్లీ వేసుకో. మళ్లీ వేసుకుంటే మూడేళ్లు వృథా అయినట్టు కాదు.

ఇవి మాత్రం బతిమాలుకోను, చెయ్యమంటున్నాను. ఇంట్లో పాత మాత్రలు ఎక్కడున్నాయో నీకు తెలుసు. నాకు తెలుసు నీకు తెలుసని. బ్యాగ్ జేబులో, పుస్తకాల వెనక, ఎక్కడున్నా తీసి మీ అమ్మ చేతికివ్వు. నలోక్సోన్ దొరికితే తెచ్చి, నువ్వు కాదు, పక్క గదిలో ఉండేవాళ్లు దాన్ని వాడటం నేర్చుకోవాలి. నువ్వు పడిపోయాక నీకు నువ్వు ఇచ్చుకోలేవు. ఎప్పుడైనా పళ్ల డాక్టరో, ఆపరేషన్ చేసేవాళ్లో నొప్పి మాత్ర రాస్తే ముందే మొత్తం చెప్పు.

ఇంకొకటి చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాను. ఏ రాత్రయినా తప్పటడుగు వేస్తే, పాత లెక్క వేసుకోకు, ఒంటరిగా ఉండకు. ముందు ఎవరికైనా చెప్పు. తిట్టనని మాట ఇస్తున్నాను. తిట్టేదంతా పై పేజీలోనే అయిపోయింది.

డాక్టర్ ఆఖరి బిళ్ళ తేదీ రాసిన రోజు నాకు కబురు పెట్టు. ఆ నెలంతా నేను మీ ఇంట్లోనే ఉంటాను. హాల్లో పడుకుంటాను, నాకు ఎలాగూ నిద్ర తక్కువ. రాత్రి కాళ్లు లాగుతుంటే లేచి నడువు, సామాన్లు సర్దు, పాటలు పెట్టుకో, ఎంత చప్పుడైనా చేసుకో, నాకు హాయిగా ఉంటుంది. గదికి లోపల గడియ మాత్రం పెట్టుకోకు.

మీ పెద్దమ్మ