షేర్‌పాయింట్‌ను క్లౌడ్‌కు మార్చేటప్పుడు టూల్ కన్నా ముందు తేల్చుకోవలసినవి

సంస్థలు తమ పత్రాలను ఉంచుకుని పంచుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ షేర్‌పాయింట్. సంస్థ సొంత సర్వర్ మీద నడుస్తున్న షేర్‌పాయింట్ 2016 సైట్లన్నిటినీ క్లౌడ్‌లోని షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు తరలించడానికి ఏ టూల్ మంచిదని, ఎంత కాలం పడుతుందని మీరు అడిగారు. ఇటువంటి తరలింపు జరిగిన సంస్థలో పత్రాల నిర్వహణ విభాగం తరఫున మొదటి నుంచి చివరి వరకు పనిచేశాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది: టూల్ గురించిన ప్రశ్న అన్నిటికన్నా చివర అడగవలసినది. ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే పని ఏ టూలైనా చేసిపెడుతుంది. ఏ ఫైలు ఏ ఫైలు నుంచి అంకెలు తెచ్చుకుంటోందో, ఏ పత్రాన్ని ఎవరు చూడవచ్చని ఎవరు ఎప్పుడు నిర్ణయించారో, ఆ నిర్ణయం ఇప్పటికీ చెల్లుతుందో లేదో మాత్రం ఏ టూలూ చెప్పదు. ఆ సంగతులు తెలిసినవాళ్లు ఉద్యోగం మానేసి ఉంటే చెప్పేవారే ఉండరు.

మా దగ్గర జరిగిన ఒక ఉదంతం వివరంగా రాస్తాను, ఎందుకంటే తరలింపు గురించి మాకిచ్చిన ఏ శిక్షణలోనూ దీని ప్రస్తావన రాలేదు. ఖాతాల విభాగంలో ఒక సీనియర్ ఉద్యోగిని నెలనెలా ఒక ఎక్సెల్ వర్క్‌బుక్ సిద్ధం చేసేవారు. అన్ని విభాగాల ఖర్చులూ అందులో ఒకే పట్టికగా కనిపించేవి, ఆ పట్టిక చూసే పై అధికారులు మరుసటి నెల నిధుల గురించి నిర్ణయం తీసుకునేవారు. అందులోని అంకెలు ఆవిడ టైపు చేసినవి కావు. ప్రతి విభాగమూ తన సొంత సైటులో ఉంచుకునే ఖర్చుల ఫైలు నుంచి అవి ఫార్ములాల ద్వారా వచ్చి చేరేవి, ఆ ఫార్ములాల్లో పాత సర్వర్ చిరునామా పూర్తిగా రాసి ఉండేది. తరలింపు కాంట్రాక్టు తీసుకున్న సంస్థ వారాంతంలో ఫైళ్లన్నిటినీ కొత్త సైట్లకు చేర్చి, పాత సైట్లను రీడ్ ఓన్లీ (చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా) చేసి, ఎవరికైనా అవసరం పడితే చూసుకోవచ్చుననే ఉద్దేశంతో పాత సర్వర్‌ను కొంతకాలం నడవనిచ్చింది. అన్ని ఫైళ్లూ విజయవంతంగా చేరాయని నివేదిక వచ్చింది, అందులో అబద్ధమేమీ లేదు.

సోమవారం నుంచి విభాగాలన్నీ తమ ఖర్చులను కొత్త సైట్లలోని ఫైళ్లలో నమోదు చేయసాగాయి. నెలాఖరున ఆవిడ తన వర్క్‌బుక్ తెరిచి లింకులను అప్‌డేట్ చేయమంటే ఎక్సెల్ ఎప్పటిలాగే చేసింది, ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఎలా వస్తుంది? ఫార్ములాలు అడిగిన చిరునామాలో పాత సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది, అవి అడిగిన ఫైళ్లు అక్కడే ఉన్నాయి, ఆ ఫైళ్లలో తరలింపుకు ముందు శుక్రవారం నాటి అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాత సర్వర్‌ను ఆపేసి ఉంటే, లింకులు అప్‌డేట్ కాలేదన్న హెచ్చరికైనా ఆవిడకు కనిపించేది. జాగ్రత్త కోసమని ఉంచిన సర్వరే పాతబడిన అంకెలను తాజా అంకెలన్నట్లు అందిస్తూ పోయింది. ఆ పట్టిక పై అధికారులకు చేరింది. సమావేశంలో ఒక విభాగాధిపతి తమ ఖర్చు అంత తక్కువ కాదని, తాము చేసిన పెద్ద కొనుగోలు అందులో లేనే లేదని పట్టుబట్టడంతో విషయం బయటపడింది. ఏళ్ల తరబడి లెక్కల్లో ఒక్క పొరపాటు రానివ్వని ఆ ఉద్యోగిని ఆ రోజు అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. తప్పు ఆవిడది కాదు, ఎక్సెల్‌ది కూడా కాదు. తరలింపుకు ముందు ఎవరూ ఆవిడ దగ్గరకు వెళ్లి, మీ ఫైలు ఎక్కడెక్కడి నుంచి సమాచారం తెచ్చుకుంటుందని అడగలేదు.

ఆ తరువాత మేము చేసిన పని చాలా సాదాసీదాది, అందుకే అందరూ చేయగలిగినది. వెబ్ సర్వర్ తనకు వచ్చే ప్రతి అభ్యర్థననూ లాగులో నమోదు చేస్తుంది. పాత సర్వర్‌లోని ఐఐఎస్ (విండోస్‌లోని వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) లాగులను తెరిచి, తరలింపు పూర్తయ్యాక కూడా ఏ ఫైళ్ల కోసం ఎవరి కంప్యూటర్ నుంచి అభ్యర్థనలు వస్తున్నాయో చూస్తే, ఈ వర్క్‌బుక్ ఒక్కటే కాదని, మరెన్నో పట్టికలు, వర్డ్ పత్రాల్లోని హైపర్‌లింకులు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు, పాత ఈమెయిళ్లలో దాచుకున్న చిరునామాలు ఇంకా ఆ సర్వర్‌నే అడుగుతున్నాయని తేలింది. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఎక్సెల్‌లోని ఎడిట్ లింక్స్ ద్వారా మూలాన్ని మార్చుకుంటూ వెళ్లాము. నా అభిప్రాయంలో ఈ లాగు పరిశీలన తరలింపుకు ముందే కొన్ని నెలలపాటు జరగాలి. ఏ సైటు నిజంగా వాడుకలో ఉందో, ఏది పేరుకు మాత్రమే మిగిలిందో చెప్పడంలో అంతకన్నా నమ్మదగిన సాక్ష్యం లేదు. విభాగాధిపతులను అడిగితే ప్రతి సైటూ అత్యవసరమే అంటారు.

పర్మిషన్ల విషయం దీనికన్నా సున్నితమైనది. పాత సైట్లలో ఏళ్ల తరబడి ఒక్కో ఫోల్డర్‌కు, ఒక్కో ఫైలుకు విడివిడిగా అనుమతులు ఇస్తూ పోతారు. బదిలీ అయినవారు, రాజీనామా చేసినవారు, ఎప్పుడో రద్దయిన కమిటీలు అన్నీ ఆ జాబితాల్లో ఉండిపోతాయి. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో ఒక లైబ్రరీకి, అంటే సైటులో ఫైళ్లు ఉంచే చోటుకు, ఇలాంటి విడి అనుమతుల గరిష్ఠ పరిమితి 50,000 కాగా, 5,000 దాటకుండా చూసుకోవాలని మైక్రోసాఫ్టే సూచిస్తుంది. ఈ పరిమితి చిన్న చిక్కే, అసలు ప్రమాదం వెతుకులాటలో ఉంది. పాత సర్వర్‌లో సెర్చ్ సరిగా పనిచేయకపోవడం వల్ల, అందరికీ తెరిచి ఉంచిన జీతాల ఫైలు కూడా ఎవరికీ దొరక్క క్షేమంగా ఉండేది. క్లౌడ్‌లో సెర్చ్ చురుగ్గా ఉంటుంది, పైగా మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్ వంటివి అడిగినవారికి అనుమతి ఉన్న పత్రాలన్నిటి నుంచీ సమాధానం తెచ్చి పెడతాయి. కాబట్టి అనుమతులను ఉన్నవి ఉన్నట్లుగా తరలించే పద్ధతిని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ప్రతి సైటుకూ ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న ఇద్దరు యజమానులను నిర్ణయించి, ఎవరికి ఏ అనుమతి ఉండాలో వారి చేత కొత్తగా చెప్పించుకున్న తరువాతే ఆ సైటు కదలాలి. యజమాని దొరకని సైటును కొత్త చోటికి తీసుకువెళ్లకుండా ఆర్కైవ్‌లో పెట్టడమే మేలు.

ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. ఈ పనికి పిలిచే సంస్థలు చాలావరకు 'లిఫ్ట్ అండ్ షిఫ్ట్' (ఉన్నదున్నట్లు ఎత్తి అవతల పెట్టడం) అనే మాటను పట్టుకుని వస్తాయి, ఎందుకంటే బిల్లు గిగాబైట్ల లెక్కన వేయడం వారికి సులువు. సబ్‌సైటు కింద సబ్‌సైటుగా పేరుకున్న పాత నిర్మాణాన్ని అలాగే తెచ్చి పెడితే, విభాగాల పునర్వ్యవస్థీకరణ జరిగిన ప్రతిసారీ ఆ చెట్టును మళ్లీ నరికి అతికించవలసి వస్తుంది. క్లౌడ్‌లో ప్రతి విభాగానికీ విడి సైటు పెట్టి, వాటిని హబ్ సైటుతో (అనేక సైట్లను ఒక్క చోట ముడివేసే సైటు) కలపమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, అది మంచి సలహా. అలాగే ఒక వ్యూలో, అంటే తెర మీద ఒకసారి చూపే జాబితాలో, 5,000 అంశాల పరిమితిని సొంత సర్వర్ మీద అడ్మినిస్ట్రేటర్ పెంచుకోగలిగేవారు, క్లౌడ్‌లో అది సాధ్యం కాదు. లైబ్రరీలో 3 కోట్ల అంశాల దాకా ఉంచవచ్చు గానీ, ఇండెక్స్ చేసిన (త్వరగా వెతికేందుకు ముందే సిద్ధం చేసిన) కాలమ్‌లు, వాటి మీద ఫిల్టర్లు లేకపోతే పెద్ద లైబ్రరీలో ఉద్యోగి ఫైలు వెతకబోయి ఖాళీ తెర ముందు కూర్చుంటాడు. ఈ ఇండెక్సుల ఏర్పాటును లైబ్రరీ తరలించక ముందే చేయాలని మాకు ఎవరూ చెప్పలేదు.

దరఖాస్తులను ఒకరి నుంచి మరొకరికి ఆమోదం కోసం వాటంతట అవే పంపే వర్క్‌ఫ్లోల సంగతి తేదీలతో ముడిపడింది కనుక క్లుప్తంగా చెప్తాను. 2010 నాటి వర్క్‌ఫ్లోలను షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో 2020 నవంబరు 1 నుంచి తొలగించడం మొదలుపెట్టారు, 2013 నాటి వాటికి ప్రకటించిన గడువు 2026 ఏప్రిల్ 2, ఇన్ఫోపాత్ అనే పాత మైక్రోసాఫ్ట్ టూలుతో చేసిన ఫారాలకు 2026 జూలై 14. మీ షేర్‌పాయింట్ 2016కూ, దాని తరువాతి 2019కీ మద్దతు గడువుగా ప్రకటించినది కూడా ఆ జూలై 14వ తేదీనే. పాత ఆమోద ప్రక్రియలను మైక్రోసాఫ్ట్ కొత్త వర్క్‌ఫ్లో సేవ పవర్ ఆటోమేట్‌లో మళ్లీ నిర్మించుకోవాలి. సగంలో ఆగి ఉన్న దరఖాస్తు తరలింపులో తన స్థితితో సహా అవతలికి రాదు, కాబట్టి పాత వాటిని పాత చోటే ముగించి, కొత్త దరఖాస్తులను మాత్రమే కొత్త చోట స్వీకరించే తేదీ ఒకటి ముందే ప్రకటించాలి. గడువు ముంచుకొచ్చిందని కంగారు పడి సైట్ల విచారణను కుదించే సంస్థలు ఆ విచారణనే తరలింపు తరువాత, ఉద్యోగుల ఫిర్యాదుల రూపంలో, రెండింతల శ్రమతో చేస్తాయి. క్లౌడ్‌కు వెళ్లడం ఇష్టంలేని సంస్థలకు సొంత సర్వర్ మీదే నడిచే, 2021లో వచ్చిన షేర్‌పాయింట్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ అనే దారి కూడా ఉంది. తొందరలో చెడ్డ తరలింపు చేయడం కన్నా ఆ దారిలో కొంతకాలం ఆగడం తప్పేమీ కాదు.

ఇప్పుడు మీరు అడిగిన రెండింటికీ వస్తాను. టూల్ విషయంలో, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే షేర్‌పాయింట్ మైగ్రేషన్ టూల్ మధ్యస్థాయి సంస్థలకు చాలు. ఒకసారి తరలించిన తరువాత మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ తెచ్చే సౌకర్యం అందులో ఉంది, తరలింపుకు ముందు స్కాన్ చేసి ఆటంకాలను చూపిస్తుంది. ఫోల్డర్ల దారి, ఫైలు పేరు కలిపి 400 అక్షరాలు దాటిన ఫైళ్లను, ఒక్కసారి కూడా చెక్ ఇన్ (ఇతరులకు కనిపించేలా అప్పగించడం) కాకుండా ఒక ఉద్యోగి పేరు మీదే ఉండిపోయిన ఫైళ్లను ముందుగానే సరిచేసుకోండి. రెండోరకం ఫైళ్లు ఆ ఉద్యోగికి తప్ప ఎవరికీ కనిపించవు, ఆయన వెళ్లిపోయాక వాటి ఉనికి కూడా ఎవరికీ తెలియదు. అడ్మినిస్ట్రేటర్ వాటిని తన అధీనంలోకి తీసుకుని చెక్ ఇన్ చేయాలి. డబ్బు పెట్టి కొనే టూళ్లు నివేదికలు చక్కగా ఇస్తాయి, అనుమతులను సంస్కరించే వీలు ఇస్తాయి గానీ, పైన చెప్పిన విచారణను అవి చేయవు.

కాలం విషయంలో, గిగాబైట్లను ఇంటర్నెట్ వేగంతో భాగించి ఎవరైనా అంచనా ఇస్తే నమ్మకండి. అభ్యర్థనలు ఎక్కువైతే క్లౌడ్ వైపు నుంచి 429 కోడ్‌తో కాసేపు ఆగమనే సమాధానం వస్తుంది. పెద్ద ఫైళ్లు కొన్నిటికన్నా చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్నప్పుడే ఆలస్యం ఎక్కువ. రాత్రులు, సెలవు రోజుల్లో నడిపితే మెరుగు. ఫైలు పాత వెర్షన్లన్నీ తీసుకువెళ్లాలా లేక చివరి కొన్ని చాలా అన్నది ముందే తేల్చుకుంటే పని బాగా తగ్గవచ్చు, నిల్వ ఖర్చు కూడా అదుపులో ఉంటుంది, ఎందుకంటే సంస్థ మొత్తానికి లభించే స్థలం 1 టెరాబైట్‌తో పాటు ఒక్కో లైసెన్సుకు 10 గిగాబైట్ల చొప్పునే. నా లెక్కలో విచారణకు పట్టే కాలం ఫైళ్లు కదలడానికి పట్టే కాలానికి కనీసం రెండు రెట్లు ఉండాలి.

కాంట్రాక్టు రాసుకునేటప్పుడు ఒక షరతు తప్పకుండా చేర్పించండి. ఫైళ్లు చేరిన రోజుతో పని ముగిసినట్లు లెక్కగట్టకుండా, పాత సర్వర్ లాగులో ఉద్యోగుల అభ్యర్థనలు పూర్తిగా ఆగిపోయి, ఆ సర్వర్‌ను నిలిపివేసిన తరువాత ఒక నెలాఖరు లెక్కలు సక్రమంగా పూర్తయిన రోజునే చివరి వాయిదా చెల్లిస్తామని రాయించండి. ఏ తేదీ నుంచి పాత సర్వర్‌ను ఆపేస్తున్నారో ఆ తేదీని ఖాతాల విభాగానికి కనీసం ఒక నెల ముందు, ఈమెయిల్‌తో సరిపెట్టకుండా ముఖాముఖి చెప్పండి.