మొదటి సభ పెట్టబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

వాతావరణ మార్పు మీద ఇరుగుపొరుగుతో సభ పెడుతున్నానని, ఎలా నడపాలో చెప్పమని రాశావు. ఉత్తరం చదివి చాలా సంతోషించాను.

ముందు నా మొదటి సభ సంగతి విను. అక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. తెర మీద గ్రాఫులు వేసి నలభై నిమిషాలు మాట్లాడాను. కరిగే మంచు, పెరిగే సముద్రం, ఎండిపోయే నదులు, అన్నీ చెప్పాను. అయ్యాక రెండో వరసలోని పెద్దావిడ ఒకరు లేచి, “బాబూ, నువ్వు చెప్పిందంతా నమ్ముతున్నాను. రేపు పొద్దున లేచి నేనేం చెయ్యాలి?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ముఖంలో కోపం లేదు, దిగులుంది. ఆ దిగులు నేను తెచ్చిపెట్టిందే.

అందుకే ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే సభకు తేదీ పెట్టు. పని ఒక్కటే ఎంచుకో. బడి కప్పు మీద సోలార్ ప్యానెళ్లు కావచ్చు, మీ వైపు బస్సు వేయమని అడగడం కావచ్చు, నీడ లేని దారికి చెట్లు కావచ్చు. మూడూ మంచివే, కానీ ఒకే సాయంత్రం మూడూ ఎత్తుకోకు.

కుర్చీలు గుండ్రంగా వేయించు, వేదిక వద్దు. మొదటి మాట నీది కాకూడదు. వచ్చినవాళ్లలో అందరికన్నా పెద్దవాళ్లను అడుగు: మీ చిన్నప్పుడు ఈ నెలలో ఎండ ఎలా ఉండేది, వానలు ఎప్పుడు పడేవి, ఏ పిట్టలు కనిపించేవి? పది నిమిషాలు వాళ్లనే చెప్పనివ్వు. తర్వాత ఒక్క లెక్క చెప్పు. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు, అందులో భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 315 ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఆ పెద్దల జీవితకాలంలోనే ఇంత జరిగిందని అప్పుడు అందరికీ తడుతుంది. ఒక్క అంకెకు అంత బలం ఉంది. 2009 అక్టోబర్ 24న 181 దేశాల్లో, 5,000కు పైగా చోట్ల జనం 350 అనే అంకెను పట్టుకుని ఫొటోలు దిగారు. కార్బన్ డయాక్సైడ్ దాటకూడదని కొందరు శాస్త్రవేత్తలు చెప్పిన హద్దు అది.

“మనమొక్కళ్లం మారితే ఏమవుతుంది?” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒక్క ఇంటి వాటా చిన్నదేనని ఒప్పుకో, దాచకు. ఒక్కరు రాసిన అర్జీ సొరుగులోకి పోతుంది, వీధంతా సంతకాలు పెట్టినదాన్ని అలా తోసెయ్యడం కష్టం. మనం కలిసి కూర్చునేది అందుకేనని చెప్పు. ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొర సంగతీ గుర్తు చెయ్యి. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని, ఆ పొరను తినేసే రసాయనాలను తగ్గిస్తూ వచ్చాయి. ఇప్పుడది మెల్లగా కోలుకుంటోంది.

ఇదంతా అబద్ధమనేవాళ్లూ వస్తారు. సభలో వాదన పెట్టుకోకు, అయ్యాక పక్కన కూర్చుని మాట్లాడు.

ఇక అసలు సంగతి, కాగితం. తలుపు దగ్గర బల్ల మీద పెద్ద అట్ట పెట్టి మూడు గడులు గియ్యి: పేరు, పని, తేదీ. పెన్ను దారంతో కట్టెయ్యి, లేకపోతే ఎవరి జేబులోకో పోతుంది. ఎవరైనా “అవగాహన కల్పిస్తాను” అని రాస్తే ఊరుకోకు. ఎవరితో, ఎప్పుడు మాట్లాడతారో నెమ్మదిగా అడిగి రాయించు. “సోమవారం హెడ్మాస్టరును కలుస్తాను”, “ఆదివారం బడి కప్పు కొలిచి తెస్తాను”, అలా ఉండాలి. వందమంది వచ్చి అట్ట ఖాళీగా మిగిలిన సభలూ చూశాను, పన్నెండుమంది వచ్చి ఏడు పేర్లు రాసినవీ చూశాను. పని జరిగింది రెండోరకం చోట్లే.

పేరు రాసినవాళ్లకు మూడు రోజుల్లోపు ఫోన్ చెయ్యి. మెసేజ్ చాలదు, నీ గొంతు వినాలి. మళ్లీ కలిసే తేదీ జనం లేవకముందే ఖాయం చెయ్యి.

సభ అయిన రాత్రి ఆ అట్టను ఫొటో తీసి నాకు పంపు. ఎవరి పేరు పక్కన తేదీ లేదో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న