రానివాళ్ళ లెక్క

నిడదవోలు,
ఆదివారం సాయంత్రం

బుజ్జీ,

కాలేజీలో ఉన్న ఆర్సీఎం (రోమన్ కథోలిక) పిల్లల్ని కూడగట్టే పని ఫాదర్ గారు నీకు అప్పజెప్పారని విని సంతోషించాను. ఆ వెంటనే నువ్వు మొదటి మీటింగుకి ఫ్లెక్సీ ఎంత సైజులో వేయించాలని అడిగావు చూడు, అప్పటినుంచి ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను. ఫ్లెక్సీ వద్దే తల్లీ. మన గోదావరి జిల్లాల్లో పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, పెద్దకర్మకీ ఫ్లెక్సీయే. ఒకటి తగ్గితే భీమవరానికి వచ్చే లోటేమీ లేదు. ఆ డబ్బులో ఓ పిసరు పెట్టి నోట్‌బుక్ కొనుక్కో. అందులో వచ్చినవాళ్ళ సంగతి కాదు, రానివాళ్ళ సంగతి రాసుకో. పూర్తి పేర్లు మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

1986లో నాకు ఇరవై ఆరేళ్ళు. కోనసీమలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కథోలిక విద్యార్థుల బృందం బాధ్యత నాదే. ఆ జూలైలో షామియానా, మైకు, డెబ్భై మందికి భోజనాలతో సభ పెట్టి, ఇంక మనకి తిరుగులేదనుకున్నాను. ఆగస్టులో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంక ఊళ్ళు మునిగాయి. మేమూ ఊరుకోలేదు. బియ్యం, బట్టలు పోగుచేసి పంపించాం, ఆ సంగతి నోటీసు బోర్డులో కూడా పెట్టించాను. అయితే మా బృందంలోనే ఓ లంక నుంచి పడవ దాటి వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి ఉండేది. ఆ పిల్ల కాలేజీకి రావడం మానేసిందని మాలో ఒక్కళ్ళకీ తోచలేదు. మరుసటేడు వేసవిలో రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర కనిపించింది, తలమీద గెలతో. పుస్తకాలు, సర్టిఫికెట్లు వరదలో పోయాయట. "మీరెవరైనా వస్తారేమోనని చూశానండి" అంది. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. డూప్లికేట్ సర్టిఫికెట్లకి అర్జీ పెట్టించడం నాకు ఒక పూట పని.

అందుకని చెబుతున్నాను. ఎవరైనా రెండు వారాలు వరసగా రాకపోతే మూడో వారం దాకా ఆగకు, రూముకి వెళ్ళు. వాట్సాప్‌లో ఏడుపు బొమ్మ పెట్టడం పరామర్శ కాదు. వెళ్ళి మంచం మీద కూర్చుని, తిన్నావా అని అడుగు. ఎందుకు రాలేదని అడగొద్దు, అది హాజరుపట్టీ ప్రశ్న. జ్వరమో, బ్యాక్‌లాగులో, ఇంట్లో గొడవో, వాళ్ళే చెబుతారు. ఏమీ లేదు, విసుగుపుట్టి రాలేదని చెబితే అదీ విను. విసుగు పుట్టించింది నువ్వే అయి ఉండొచ్చు.

సమయం విషయంలో మొండితనం వద్దు. హాస్టలు పిల్లలకి ఆదివారం ఔటింగ్ దొరుకుతుంది, డే స్కాలర్లకి సాయంత్రం కాలేజీ బస్సు తప్పితే ఇంటికి దారి ఉండదు. ఇద్దరికీ కుదిరేది మధ్యాహ్నం క్యారేజీ వేళే. వారానికి ఒకరోజు, అరగంట. కాలేజీలో కూర్చోవాలంటే ముందే ప్రిన్సిపాల్ గారిని కలిసి కాగితం మీద అనుమతి తీసుకో. ఇవ్వకపోతే గొడవపడకు, మీ విచారణ (పారిష్) గుడి వరండా ఉంది. ఐకఫ్ అనే విద్యార్థి సమాఖ్య 1924 నుంచీ దేశంలో కథోలిక విద్యార్థుల కోసం పనిచేస్తోంది. మీ కాలేజీలో దాని శాఖ లేదని నువ్వు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ఆ అరగంటలో రాబోయే ఆదివారం సువిశేషం చదవండి. తర్వాత కార్డైన్ గారి పద్ధతి: చూడు, తర్కించు, చెయ్యి. ఆయన బెల్జియం దేశపు ఫాదర్, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళకోసం దీన్ని నేర్పారు. 1961లో ఇరవైమూడో జాన్ పోపు గారు కూడా దీన్నే సిఫారసు చేశారు. పెద్ద విద్యేమీ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని ఎవరికో హాల్ టికెట్ ఆపారనుకో. ముందు ఎంతమందికి ఆగిందో కనుక్కోవడం చూడటం. దీనికి క్రీస్తు ఏమంటాడు, మనమేం చెయ్యగలమని మాట్లాడుకోవడం తర్కించడం. నలుగురు కలిసి ఆఫీసుకి వెళ్ళి గడువు అడగడం చెయ్యడం. మనవాళ్ళకి మధ్యదానిమీదే మోజు, గంటలకొద్దీ తర్కిస్తారు.

ఆరుగురే వస్తున్నారన్నావు. ఫ్రెడరిక్ ఓజనాం పారిస్‌లో చదువుకునే రోజుల్లో, తోటి విద్యార్థి ఒకడు మీ మతం ఇప్పుడు పేదలకి ఏం చేస్తోందని దెప్పాడు. ఆ మాట గుచ్చుకుని 1833 ఏప్రిల్ 23న, అంటే సరిగ్గా తనకి ఇరవై నిండిన రోజున, వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది స్నేహితులతో కూర్చున్నాడు. ఏ ఇంటికి వెళ్ళాలో తెలియకపోతే రోజలీ రాందూ అనే సిస్టర్ గారు పేదల ఇళ్ళు చూపించింది. మన గుళ్ళల్లో పేదల్ని ఆదుకునే విన్సెంట్ డి పాల్ సభ ఉందే, అది అక్కడ పుట్టిందే. 1997లో ఓజనాం గారిని ధన్యుడిగా ప్రకటించారు. వాళ్ళ దగ్గరా మొదట ఫ్లెక్సీ లేదు.

పేర్ల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన దళితులు బీసీ-సి, వాటా ఒక్క శాతం. నీతో జపమాల చెప్పే పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో ఈ లెక్క గుండెలమీద కుంపటి. క్రైస్తవుల పట్టీలో పేరు కనిపిస్తే ఎస్సీ సీటుకే ఎసరు రావొచ్చు. ఈ ఏర్పాటు అన్యాయమని నా అభిప్రాయం, ఎక్కడైనా అంటాను. కానీ నా కోపానికి ఇంకొకరి సీటు పణంగా పెట్టను. కాబట్టి రిజిస్టర్లు వద్దు, పేర్లతో ఫోటోలు పెట్టడం అసలే వద్దు. వెనక బెంచీలో కూర్చుని మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళని ముందుకు రమ్మని లాగకు.

మీ రూమ్మేట్ మన గుళ్ళల్లోని విగ్రహాల మీద వాదన పెడుతోందన్నావు. పెట్టనీ. నువ్వు గెలిస్తే స్నేహం పోతుంది, ఓడితే నీ నిద్ర పోతుంది. ఆ పిల్ల గుడికి వెళ్ళే ఆదివారం ఆ పిల్ల టిఫిను దాచిపెట్టు. మన బృందంలోకి రమ్మని మాత్రం గుంజకు.

ఫాదర్ గారిమీద భారం వెయ్యకు. చుట్టుపక్కల ఊళ్ళ పూజలన్నీ ఆయనవే. తపస్సుకాలంలో, అంటే ఈస్టరు ముందు రోజుల్లో, ఒక్కసారి పూజకి అరగంట ముందు పాపసంకీర్తనాలు (మనం పాపాలు ఒప్పుకోవడం) వినడానికి కూర్చోమని అడుగు. నలుగురు చేసినా చాలు. డబ్బు ఎంత తక్కువైనా ఇద్దరి చేతిలో ఉండాలి, రాసి ఉండాలి. వచ్చే ఏడాది ఎవరికి అప్పజెబుతావో ఇప్పుడే చూసుకో. ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ల టెన్షన్లో నీకు నువ్వే గుర్తుండవు.

మార్చి 25కి గౌరీపట్నం మేరీమాత పండుగ ఉందిగా. హిందువులూ కొబ్బరికాయలతో వస్తారు, కాబట్టి మీ క్లాసులో ఎవరు వస్తామన్నా తీసుకురా. అక్కడి నిర్మలగిరి కొండ మెట్ల దగ్గర జనంలో తప్పిపోకుండా ఇద్దరిద్దరు జతగా నడవండి. మీరు ఎంతమందో రెండురోజుల ముందు చెప్పు, పులిహోర కలుపుకుని నేనూ అక్కడికే వస్తాను. చివరి నిమిషంలో రానివాళ్ళకి కూడా కలిపి చెప్పు, మిగిలినది నువ్వే హాస్టలుకి పట్టుకెళ్ళి ఇద్దువుగాని.

మీ అత్తయ్య