కుళాయిలో మొదటి నీళ్ళు ఎర్రగా ఎందుకొస్తాయి, కొన ఇళ్ళకు ధార ఎందుకు సన్నబడుతుంది?

రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళొచ్చే చిన్న పట్టణం గురించి మూడు సంగతులు అడిగారు: మొదటి నీళ్ళు ఎర్రగా ఎందుకుంటాయి, లైను చివరి ఇళ్ళకు ధార ఎందుకు రాదు, ఏళ్ళ తరబడి నడుస్తున్న నీళ్ళ విభాగం అసలు చేసే పనేమిటి. ఫిల్టర్ బెడ్ల దగ్గర నీటిని బాగుచేయడం ఎప్పుడో కుదిరిపోయిన విద్య. బాగైన నీటిని ఇంటిదాకా అలాగే చేర్చడమే కష్టం. తిప్పలన్నీ గొట్టంలో ఉన్నాయి.

ముందు పాత సంగతి. ఊరికి వడకట్టిన నీళ్ళు మొదలైంది మహానగరంలో కాదు. 1804లో స్కాట్లాండ్‌లోని పేస్లీ అనే చిన్న పట్టణంలో జాన్ గిబ్ తన బట్టలు తెల్లబరిచే కార్ఖానా కోసం ఫిల్టర్ కట్టుకుని, మిగిలిన నీళ్ళు ఊరివాళ్ళకు అమ్మాడు. 1829లో లండన్‌లో చెల్సీ కంపెనీకి జేమ్స్ సింప్సన్ ఇసుక ఫిల్టర్ కట్టాడు. సూక్ష్మజీవుల వల్ల రోగాలొస్తాయని అప్పటికి తేలలేదు, నీళ్ళు తేటగా ఉంటే చాలనుకున్నారు. ఇసుక అంతకంటే పెద్ద పనే చేస్తోందని 1892 కలరాలో తేలింది. వడకట్టకుండా ఎల్బే నది నీళ్ళు తాగిన జర్మనీలోని హాంబర్గ్‌లో 8,000 మందికి పైగా చనిపోయారు. హాంబర్గ్ మురుగు కలిసిన దిగువ నీటినే ఇసుకలో వడకట్టి తాగిన పక్క ఊరు ఆల్టోనా చాలా మటుకు తప్పించుకుంది. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో జాన్ లీల్ రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టించాడు. పటికతో మడ్డి దించడం, ఇసుకలో వడకట్టడం, క్లోరిన్ కలపడం: చిన్న పట్టణపు ప్లాంటు ఇప్పటికీ చేసేది ఈ మూడే.

పటిక మోతాదు కంటి అంచనాతో వేస్తే దెబ్బతింటారు. లీటరు నీటిలో 10 గ్రాముల పటిక కరిగించి పెట్టుకుంటే, ఆ ద్రావణం ఒక మి.లీ. లీటరు నీటికి 10 మి.గ్రా. అవుతుంది. ఆరు జాడీల్లో లీటరు చొప్పున నది నీళ్ళు పోసి 1, 2, 3 అంటూ 6 మి.లీ. దాకా వేసి, నిమిషం పాటు వేగంగా, తర్వాత 15-20 నిమిషాలు నెమ్మదిగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచుతారు. అన్నిటికంటే తేటగా ఉన్న జాడీని కాదు, చాలినంత తేటపడిన వాటిలో తక్కువ మోతాదుదాన్ని ఎంచుకోవాలి. వరద మొదట్లో ఇక్కడే పొరపాటు పడతారు. వాన నీటిలో క్షారత, అంటే ఆమ్లాన్ని అణిచే గుణం, తక్కువ. ఒక మి.గ్రా. పటిక సుమారు అర మి.గ్రా. క్షారతను తినేస్తుంది. అది అయిపోతే పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) పడిపోయి మడ్డి గడ్డకట్టదు. నీళ్ళు తేటపడలేదని ఇంకా పటిక వేస్తే మరింత చెడుతుంది. అప్పుడు కావలసింది కొద్దిగా సున్నం.

మడ్డి మిగిలిన నీళ్ళు క్లోరిన్‌ను మింగేస్తాయి కూడా. కలిపాక అరగంట ఆగి చూస్తే లీటరుకు కనీసం 0.5 మి.గ్రా., ఇంటి కుళాయిలో 0.2 మి.గ్రా. మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్లోరిన్ ఉంటే నీటిని గులాబీగా మార్చే డీపీడీ మాత్ర వేసి ఆ రంగును పట్టీతో పోల్చుకుంటే ఇంట్లోనే తెలిసిపోతుంది. ప్లాంటులో రంగు బాగా వచ్చి కొన ఇంట్లో అసలు రాకపోతే తప్పు చాలాసార్లు మధ్యలోని గొట్టానిదే.

ఇప్పుడు ఎర్ర నీళ్ళు. వాల్వు కట్టేయగానే లైనులో నీళ్ళు పల్లంలోని ఇళ్ళకు దిగిపోతాయి, మెరకలో గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ ఇనుప గొట్టంలో తడి, గాలి కలిసి తుప్పు పడుతుంది. మర్నాడు వచ్చే నీళ్ళు ముందు గాలిని తోస్తాయి, తర్వాత అడుగున పేరుకున్న మడ్డిని, తుప్పును ఊడ్చుకొస్తాయి. ఖాళీ అయ్యేటప్పుడు గొట్టం లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి, పగిలిన జాయింటు పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ నీరూ లోపలికొస్తుంది. అందుకే మొదటి నీళ్ళు సంపులోకి వదలకండి. తేటపడేదాకా, సాధారణంగా కొన్ని నిమిషాలు, మొక్కలకో ఊడ్పుకో వాడండి. మురుగు వాసన వస్తే మాత్రం ఎంత క్లోరిన్ వేసినా తాగడానికి వాడొద్దు, వెంటనే ఫిర్యాదు చేయాలి. నీళ్ళు పాలలా తెల్లగా వస్తే గ్లాసులో పట్టి నిలబెట్టండి. అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలే, భయం లేదు. రోజూ పావుగంట దాటి ఎరుపు పోకపోతే లైను పల్లంలో మడ్డి వదిలేందుకు పెట్టిన స్కవర్ వాల్వును సిబ్బంది తెరిచి ఊడ్చాలి. నీళ్ళు మొదలైన సమయం, తేటపడిన సమయం, పక్కిళ్ళ పరిస్థితి కూడా చెబితే ఆ ఫిర్యాదు సిబ్బందికి పనికొస్తుంది. ‘నీళ్ళు బాగాలేవు’ అంటే ఎక్కడ తవ్వాలో వాళ్ళకూ తెలియదు.

ధార లెక్క మరీ తేలిక. పది మీటర్ల ఎత్తు అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కేజీ ఒత్తిడి. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు నేలకు 15 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఇల్లు 6 మీటర్ల మెరకలో ఉంటే మిగిలేది 9. గొట్టాల రాపిడికి 5 పోతే 4. మొదటి అంతస్తు కుళాయి ఆ 4 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, ఇక నీళ్ళెలా ఎక్కుతాయి? వీధి మొత్తానికి సన్నగా వస్తుంటే వాల్వు సగమే తెరిచారేమో అడగండి. పక్కింట్లో బాగా వచ్చి మీకే రాకపోతే మీ గొట్టాన్ని వీధి మెయిన్‌కు కలిపే ఫెరూల్‌లో మడ్డి చేరి ఉంటుంది, లేదా పాత అరంగుళం గొట్టం లోపల తుప్పుతో పెన్సిలంత సందే మిగిలి ఉంటుంది. 15 మి.మీ. బదులు 20 మి.మీ. వేస్తే అంతే నీటికి రాపిడి సుమారు నాలుగో వంతుకు దిగుతుంది.

లైనుకే నేరుగా మోటారు పెట్టడం మాత్రం అందరికీ చేటు. మోటారు పీల్చే చోట గొట్టంలో ఒత్తిడి సున్నా కంటే కిందికి పోయి, సరఫరా నడుస్తుండగానే ఇందాక చెప్పిన మురుగు లోపలికొస్తుంది. నీళ్ళు ముందు సంపులో పడనివ్వాలి, మోటారు సంపు నుంచి తోడాలి. సంపులో పడే గొట్టం మూతి పొర్లు మట్టానికి కనీసం గొట్టం వ్యాసానికి రెండింతలు పైన ఉండాలి. మూతి నీళ్ళలో మునిగి ఉంటే లైను ఖాళీ అయినప్పుడు మీ సంపు నీళ్ళే వెనక్కి పోతాయి.

10,000 లీటర్ల సంపులో లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ కావాలంటే 20 గ్రాముల క్లోరిన్, అంటే 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు 80 గ్రాములు. తెరిచి ఉంచిన సంచిలో బలం తగ్గిపోతుంది, పాత పొడితో ఈ లెక్క పనిచేయదు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే సంపులో పోసి అరగంట ఆగండి.

మీటరు ఎక్కువ తిరుగుతోందన్న అనుమానం ఉంటే, నీళ్ళు వదిలిన పావుగంటకు ఇంట్లో అన్నీ, సంపు వాల్వుతో సహా, కట్టేసి చిన్న చక్రాన్ని చూడండి. కదులుతుంటే మీటరు తర్వాత ఎక్కడో లీకుంది. కదలకపోతే 20 లీటర్ల బకెట్టు ఐదుసార్లు నింపి, మీటరు 100 లీటర్లు చూపిందో లేదో సరిచూడండి. ఇది నీళ్ళు రావడం మొదలైన వెంటనే చేయొద్దు, ఆ కాసేపు మీటరును గాలి కూడా తిప్పుతుంది.