మంట ముందు కూర్చోవాలా, నిలబడాలా?
గాజు పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రోజూ రెండు మూడు గంటలు గ్యాసు మంట టార్చ్ ముందు కూర్చుని మెత్తగాజుతో (తక్కువ వేడికే కరిగే గాజుతో) పూసలు చేస్తాను. గంట గడిచేసరికి మెడ, జబ్బలు పట్టేస్తున్నాయి. నిలబడి చేస్తే ఈ బాధ ఉండదని కొందరంటున్నారు. ఎత్తు బల్ల చేయించుకోమంటారా?

జవాబు: బల్ల చేయించే ముందు ఒకసారి కొలత టేపు తీయండి. జబ్బలు పట్టేయడానికి చాలాసార్లు కారణం కూర్చోవడం కాదు, కుర్చీ పొట్టిది కావడం. మామూలు బల్ల ఎత్తు 75 సెం.మీ. టార్చ్ మూతి దానిమీద ఇంకో 15 నుంచి 18 సెం.మీ. ఉంటుంది. అంటే మంట నేల నుంచి 90 సెం.మీ. పైనే. కుర్చీ సీటు మాత్రం 45. దాంట్లో కూర్చుని భుజాలు వదిలేసి మోచేయి మడిస్తే, మోచేయి సీటుకు 22–25 సెం.మీ. పైన, అంటే నేలకు 67–70 సెం.మీ. దగ్గర ఆగుతుంది. దాన్ని 75 ఎత్తున్న బల్లమీద ఆనించాలంటే రెండు భుజాలూ ఎగరేసి పట్టుకోక తప్పదు. గంటసేపు అలా ఉంటే పట్టేయకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి ముందు సీటు 50–53 సెం.మీ.కి లేపండి. పాదాలు వేలాడితే కింద 8–10 సెం.మీ. చెక్కదిమ్మ వేయండి. బల్లకింద సొరుగు ఉంటే తీసేయాల్సిందే. సీటు లేచాక తొడలు పట్టడానికి సీటుకూ బల్ల అడుగుకూ మధ్య కనీసం 16–17 సెం.మీ. ఖాళీ కావాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి టార్చ్ వెలిగించకుండానే ఒక పరీక్ష ఉంది. మాండ్రెల్ పుల్లను (కరిగిన గాజును చుట్టే సన్నని లోహపు పుల్లను) ఒక చేత్తో, గాజుకడ్డీని ఇంకో చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, భుజాలు జారవిడిచి, మోచేతులు బల్లమీద ఆనించండి. కళ్లు తెరిచేసరికి పుల్ల ఎక్కడుందో చూడండి. మంట రావలసిన చోటే ఉంటే ఎత్తు కుదిరినట్టు. కిందికుంటే సీటు ఇంకా లేవాలి, లేదా టార్చ్ దిగాలి.

మెడ సంగతి వేరు. టార్చ్‌ను బల్లలో మరీ లోపలికి బిగిస్తే ఒళ్లంతా ముందుకు వంగుతుంది. టార్చ్ అడుగుపలకను బల్ల అంచుకు దగ్గరగా బిగించుకుంటే వీపు నిటారుగా ఉంటుంది. రెండో కారణం కళ్లద్దాలు. రెండు పవర్ల అద్దాలు వాడేవాళ్లు కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు. మంటకూ కంటికీ మధ్య దూరం 35–45 సెం.మీ. ఉంటుంది. ఆ దూరానికి ఒకే పవర్‌తో డిడీమియం అద్దాలు (మంటలోని పసుపు వెలుగును ఆపేవి) చేయించుకుంటే మెడకు చాలా హాయి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే బల్ల అంచు మోచేతి నరాన్ని నొక్కుతోందన్నమాట. స్టీలు రేకు అంచుమీద మోచేయి నేరుగా పెట్టకండి. మందపాటి తోలు మడతపెట్టి అక్కడ బిగించండి. స్పాంజి వద్దు, గాజుచుక్క పడితే అంటుకుంటుంది. అయినా తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇవన్నీ సరిచేశాక కూడా నడుం నొప్పి వస్తోందంటే అప్పుడు నిలబడే సంగతి ఆలోచించవచ్చు. చిన్న పూసల పనికి మాత్రం మా ఓటు కూర్చోవడానికే.

ప్రశ్న: నిలబడి చేయడం మొదలుపెట్టాక పూసలు ఒకపక్కకు ఒరుగుతున్నాయి. పైగా నీలిపచ్చ గాజుమీద ఇటుకరంగు పొర కడుతోంది. అవే కడ్డీలు, అదే టార్చ్. ఎందుకిలా?

జవాబు: రెండు లోపాలకూ మూలం ఒకటే. మీ మోచేతులు గాల్లో ఉన్నాయి.

కూర్చున్నప్పుడు మోచేయి బల్లకు ఆనుతుంది, మణికట్టు ఒక్కటే కదులుతుంది. నిలబడితే భుజం నుంచి చేయంతా వేలాడుతుంది. అలసట తెలియకముందే చేయి జారుతుంది. పుల్ల ఒక కొస కిందికి వాలుతుంది, కరిగిన గాజు ఆ వైపు నడుస్తుంది. దానికి తోడు చూపు కోణం మారింది. కూర్చున్నవాళ్లకు పుల్ల కంటికి దాదాపు ఎదురుగా ఉంటుంది కాబట్టి పూస కడుపు కిందికి జారితే వెంటనే కనిపిస్తుంది. నిలబడినవాళ్లు పైనుంచి చూస్తారు. పైనుంచి చూస్తే జారిన పూస కూడా గుండ్రంగానే ఉంటుంది! రెండు మూడు చుట్లకోసారి మోకాళ్లు కాస్త మడిచి కంటిని పుల్లకు సమంగా తెచ్చి చూసుకోండి. టార్చ్ వెనక గోడమీద అడ్డంగా ఒక గీత గీసుకుంటే పుల్ల వాలిందో లేదో చప్పున తెలుస్తుంది.

ఇటుకరంగు పొర రాగి పని. నీలిపచ్చ గాజుకు ఆ రంగు రాగి వల్లే వస్తుంది. ఆక్సిజన్ తక్కువైన మంటలో ఆ రాగి ఎర్రబారుతుంది. టార్చ్ మూతి దగ్గర కనిపించే నీలి ములుకుల్లోకి, వాటికి మరీ దగ్గరికి గాజు వెళ్తే ఇదే జరుగుతుంది. ఆనింపులేని చేతులు తెలియకుండానే టార్చ్ వైపు జరుగుతాయి. ములుకుల కొసల నుంచి కనీసం 3–4 సెం.మీ. అవతల పని చేయండి. మూతి నుంచి 10 సెం.మీ. దూరంలో బల్లమీద సుద్దగీత ఉంటే చేయి ఎక్కడికి జరిగిందో కంటికి తెలుస్తుంది. అయినా పొర వస్తే ఆక్సిజన్ కొంచెం పెంచండి.

శాశ్వతమైన మందు మోచేతికి ఆనింపు ఇవ్వడమే. బల్లకు రెండు పక్కలా బిగించే చేతిదిమ్మలు దొరుకుతాయి. చెక్కదిమ్మకు తోలు చుట్టి స్క్రూలతో బిగించినా సరిపోతుంది.

ప్రశ్న: 160 సెం.మీ. పొడవు మనిషికి నిలబడే బల్ల ఎంత ఎత్తు ఉండాలి? పాత బల్లకింద దిమ్మలు పెడితే చాలా?

జవాబు: చెప్పుల్లేకుండా కాదు, పనిలో వేసుకునే బూట్లతోనే నిలబడి మోచేయి ఎత్తు కొలవండి. 160 సెం.మీ. మనిషికి అది సుమారు 100 సెం.మీ. వస్తుంది. మోచేతులు బల్లకే ఆనించి పూసలు చేసేట్లయితే బల్ల 98–100. చేతులు వదిలేసి పెద్ద పని చేసేట్లయితే 85–90, అప్పుడు మంట మోచేతికి కొంచెం పైన పడుతుంది.

దిమ్మలు పెట్టడం తేలికే, చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. బల్ల 25 సెం.మీ. లేస్తే గ్యాసు గొట్టాలూ అంత సాగాలి. బిగుసుకుని ఉంటే ఊరుకోకండి, పొడవాటివి మార్చండి. ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడండి. టార్చ్‌లో మండే ప్రొపేన్ గ్యాసు గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కారితే నేలమీద పరుచుకుంటుంది. నిలబడినవాళ్ల ముక్కు 150 సెం.మీ. ఎత్తులో ఉంటుంది కనుక వాసన ఆలస్యంగా తెలుస్తుంది. ముక్కును నమ్ముకోకండి.

ఇక పొగ లాగే హుడ్. కూర్చున్నప్పుడు ముఖం హుడ్ అంచుకు బాగా కింద ఉండేది. ఇప్పుడు తల హుడ్‌కిందికే వెళ్తుంది, మంటకూ ఫ్యాన్‌కూ మధ్య మీ ముక్కు అడ్డం వస్తుంది. మంటమీంచి లేచే గాలి ముఖాన్ని తాకకుండా ఫ్యాన్‌లోకి పోవాలి. అగరొత్తి వెలిగించి మంట చోట పట్టుకోండి, పొగ గడ్డం వైపు వస్తే హుడ్‌ను మీకు అవతలికి జరపాలి. టార్చ్ మూతి కూడా మీకు అవతలి వైపుకే వాలి ఉండాలి.

కిల్న్‌ను (పూసల్ని మెల్లగా చల్లార్చే కొలిమిని) మరిచిపోతారు చాలామంది. బల్ల లేచి కిల్న్ కిందే ఉంటే, ప్రతి పూసకూ ఎర్రటి పుల్ల పట్టుకుని వంగాలి. నడుం కోసం బల్ల లేపి నడుమే వంచినట్టవుతుంది. కిల్న్ తలుపు కూడా మోచేయి ఎత్తుకే రావాలి. ఆ వంగడంలో గడిచే క్షణాలు పెద్ద పూస పగలడానికి చాలు. కిల్న్‌లో 104 రకం (వేడికి వ్యాకోచించే తీరును చెప్పే అంకె) మెత్తగాజుకు 510–520 డిగ్రీల సెల్సియస్, ఎక్కువ వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజుకు 565 దగ్గర పట్టి ఉంచాలన్న లెక్క మాత్రం కూర్చున్నా నిలబడినా ఒకటే.

కాళ్లకింద మెత్తటి స్పాంజి చాప వేయొద్దు. గట్టి రబ్బరు చాప మేలు. దానికీ మచ్చలు పడతాయి, మార్చుకుంటూ ఉండాలి. 10–15 సెం.మీ. ఎత్తు దిమ్మ ఒకటి పెట్టుకుని కాళ్లు మార్చి మార్చి దానిమీద వేస్తే నడుంమీద బరువు తగ్గుతుంది.

ప్రశ్న: కూర్చుని చేస్తుంటే వేడి గాజుముక్క ఒళ్లో పడుతుందని భయం. నిలబడితే ఆ గొడవ ఉండదు కదా?

జవాబు: ఒళ్లో పడదు, పాదంమీద పడుతుంది. నిలబడేవాళ్లకు మూసిన తోలు బూట్లు, వాటి అంచుల్ని కప్పే ప్యాంటు తప్పనిసరి. మడతపెట్టిన ప్యాంటు అంచు గాజుముక్కలకు జేబులాంటిది.

కూర్చునేవాళ్లకు అసలు ప్రమాదం ఒడిలో పడే గుంట. ముక్క జారిపోకుండా అక్కడే కూర్చుంటుంది. తోలు ఏప్రాన్‌ను రెండు తొడలమీదా బిగువుగా పరచండి. బల్ల అంచుకు 2 సెం.మీ. ఎత్తు లోహపు పట్టీ బిగిస్తే దొర్లే ముక్కలు అక్కడే ఆగిపోతాయి. ఒంటిమీద నూలు బట్ట, మెడదాకా పెట్టిన గుండీ ఉండాలి. పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

స్టూలుకు చేతులు ఉండకూడదు, చక్రాలు అసలే వద్దు. ముక్క పడ్డప్పుడు ఒక్క ఊపున లేవాలి. చేతులున్న కుర్చీ బల్లకింద చిక్కుకుంటుంది, చక్రాలది మీరు లేచేలోపే వెనక్కి పారిపోతుంది. వెనక ఒక మీటరు ఖాళీ ఉంచండి. పడే గాజును పట్టుకోబోకండి, పడనివ్వండి. అయినా కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధారకింద పెట్టాలి. ఐసు, నూనె, పేస్టు ఏవీ వద్దు.

అసలు ముక్కలు ఎగరడమే తగ్గించవచ్చు. చల్లటి కడ్డీని నేరుగా మంట నడిమికి తోస్తే పైపొర ఒక్కసారిగా వ్యాకోచించి టప్పున పేలుతుంది. మంట చివర్న తిప్పుతూ కొన్ని క్షణాలు కాచి, తర్వాత లోపలికి తీసుకురండి.

ప్రశ్న: బోరోసిలికేట్ గొట్టాలతో పెద్ద పాత్రలు చేయాలనుంది. ఇన్నాళ్లూ కూర్చునే చేశాను.

జవాబు: దీనికి నిలబడండి. 50 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. గోడ ఉన్న గొట్టం 30 సెం.మీ. ముక్క దాదాపు 470 గ్రాములు తూగుతుంది. దాన్ని ఒక కొసన పట్టుకుని ఆగకుండా తిప్పాలి. కూర్చుంటే ఆ బరువంతా మణికట్టుమీదే పడుతుంది, గొట్టం కొస తొడకో స్టూలుకో తగులుతుంది. నిలబడితే ఒళ్లంతా సాయం వస్తుంది. గాజు ఒకవైపు వాలుతుంటే అడుగు జరిపి, భుజం తిప్పి, గొట్టాన్ని నిలువుగా ఎత్తి సరిచేయవచ్చు. ఎడమచేతి కింద రోలర్ల స్టాండు ఒకటి పెట్టుకోండి. ఊదే రబ్బరు గొట్టానికి తిరిగే కీలు ఉంటే అది మెలిపడదు. అద్దాలూ మార్చాలి. మెత్తగాజు మంటలో వచ్చే పసుపు వెలుగును డిడీమియం ఆపుతుంది, బోరోసిలికేట్ పెద్ద పనికి దానితోపాటు వెల్డింగు ముదురు రంగు అద్దం కూడా కావాలి.

ప్రశ్న: గ్యాసు ఆదాకు మంటను పెంచి తగ్గించే కాలి పెడలు పెట్టుకుంటే నిలబడి వాడవచ్చా?

జవాబు: పెడలు కూర్చునేవాళ్ల సాధనం. సిలిండర్లు రాకముందు దీపపు మంటను బల్లకింద కాలితో తొక్కే తిత్తితో ఊదేవారు. ఈ పనికి ల్యాంప్‌వర్క్ అన్న పేరు ఆ దీపం వల్లే వచ్చింది, కూర్చునే అలవాటుకూ ఆ తిత్తి ఒక కారణమే. నిలబడి తొక్కితే బరువంతా ఒక కాలిమీదే ఉండి తుంటి నొస్తుంది. నిలబడి వాడక తప్పకపోతే ఒకసారి తొక్కితే నిలిచి ఉండి, రెండోసారి తొక్కితే వదిలే రకం తీసుకోండి.

ప్రశ్న: బటన్ నొక్కితే లేచి దిగే మోటారు బల్ల కొంటే రెండూ కుదురుతాయి కదా?

జవాబు: కొనకండి. హుడ్ కదలదు, కిల్న్ కదలదు, గొట్టాలు రోజూ సాగుతూ ముడుస్తూ అరిగిపోతాయి. ఎత్తు పెంచినప్పుడు ఆ బల్లలు ఊగుతాయి కూడా. దానికి బదులు బల్లను నిలబడే ఎత్తుకే, 98–100 సెం.మీ.కి స్థిరంగా కట్టి, 74–76 సెం.మీ. సీటున్న పొడుగు స్టూలు వేసుకోండి. కూర్చున్నా నిలబడినా మోచేయి అదే చోట ఆనుతుంది, మంట, హుడ్, కిల్న్ దేన్నీ కదపక్కర్లేదు. స్టూలుకు వెడల్పాటి నాలుగు కాళ్లు, సీటుకు 42–45 సెం.మీ. కింద పాదాలు పెట్టుకునే కమ్మీ ఉండాలి. కూర్చోవడం నుంచి నిలబడటానికి మారేది పూస కిల్న్‌లోకి వెళ్లాకే. చేతిలో వేడి గాజుతో, వెలుగుతున్న టార్చ్ ముందు స్టూలును కాలితో నెట్టబోకండి. బల్ల వదిలి వెళ్లేట్లయితే ముందు ఆక్సిజన్, తర్వాత ప్రొపేన్ కట్టేయండి.