పగడానికి ఎంత వెలుగు చాలు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం కోసం 20 గ్యాలన్ల 'లాంగ్' ట్యాంకు కొన్నాను. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 12. జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక హ్యామర్ కోరల్ అనే పగడాలు పెడదామనుకుంటున్నాను. పగడాల ట్యాంకుల కోసం చేసే రీఫ్ లైట్ల ధరలు చూస్తే భయమేస్తోంది. 50 వాట్ల తెల్ల ఫ్లడ్‌లైట్ చవగ్గా దొరుకుతోంది. వాట్లు అవే కదా, సరిపోదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వాట్లు కరెంటు బిల్లుకు పనికొచ్చే లెక్క. పగడానికి కావలసిన లెక్కను 'పార్' అంటారు. పగడం ఉన్న చోట, 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు సెకనుకు చదరపు మీటరుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతోందన్నదే ఆ అంకె. మష్రూమ్‌కు 50 దగ్గర చాలు. జోయాంథిడ్లకు, హ్యామర్‌కు 80 నుంచి 150 ఉండాలి. మీ జాబితాలో ఎక్కువ వెలుగు అడిగే అక్రోపోరా పగడం లేదు కాబట్టి 250 పైన ఇచ్చే లైటు కోసం డబ్బు పోయనక్కర్లేదు.

ఫ్లడ్‌లైట్ కింద ఇవి చచ్చిపోతాయని చెప్పం. తెల్ల ఎల్‌ఈడీలోనూ నీలం కొంత ఉంటుంది. కానీ పగడం కండలో కాపురముండే సూక్ష్మ శైవలాలు (ఆల్గే) బాగా వాడుకునేది 400–500 నానోమీటర్ల నీలి వెలుగును. సముద్రపు నీరు ఎరుపును పైపైనే తాగేస్తుంది, లోతుకు దిగేది నీలమే మరి. జోయాంథిడ్ల ఆకుపచ్చ, నారింజ మెరుపులు బయటపడేది కూడా 450 నానోమీటర్ల దగ్గరి నీలంలోనే. 6500 కెల్విన్ తెలుపు కింద అవే జోయాంథిడ్లు మట్టిరంగులో కనిపిస్తాయి. పైగా మామూలు ఫ్లడ్‌లైట్లలో వెలుగు తగ్గించే వీలుండదు. అసలు చిక్కు అదే.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. నీలం, తెలుపు వేర్వేరుగా తగ్గించి పెంచే వీలుండాలి. టైమర్ ఉండాలి. వెలుగు ట్యాంకు పొడవంతా పరుచుకోవాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. 'ఏఐ ప్రైమ్' అనే రీఫ్ ఎల్‌ఈడీ లాంటి దీపం ఒకటి సుమారు 2 అడుగుల చదరానికి వెలుగిస్తుంది. మీ 30 అంగుళాల ట్యాంకులో అది నడిమధ్యన వేలాడితే, దాని కింద వెలుగు మండిపోతుంది, రెండు చివర్లూ మసక. మష్రూమ్‌లను ఆ చివర్లలో పెట్టుకుంటే ఒక్క దీపంతోనే సరిపెట్టుకోవచ్చు. ట్యాంకంతా ఒకే తీరుగా కావాలంటే పొడవాటి బార్ లైటు గానీ, రెండు చిన్న దీపాలు గానీ తీసుకోండి. మా మాటైతే ఒక్క పెద్ద దీపం కన్నా రెండు చిన్నవే మేలు. రాళ్ల వెనక నీడ పడదు, ఒకటి పాడైనా రెండోది ట్యాంకును కాపాడుతుంది.

నీళ్లకు 8 నుంచి 10 అంగుళాల పైన వేలాడదీయండి. నీలం 40 శాతం, తెలుపు 10 శాతంతో మొదలుపెట్టి, వారానికి 5 శాతం చొప్పున నీలాన్ని మాత్రమే పెంచండి. మొత్తం 9 గంటలు చాలు: వెలుగు మెల్లగా ఎక్కడానికి ఒక గంట, దిగడానికి ఒక గంట, మధ్యలో 7. మధ్యాహ్నం 12కి మొదలైతే రాత్రి 9 దాకా మీరూ చూసుకోవచ్చు.

ఫోన్‌లోని లక్స్ యాప్‌తో పార్ కొలవకండి. లక్స్ మనిషి కంటికి కట్టిన కొలత, నీలాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తుంది. అపోజీ ఎంక్యూ-510 అనే పార్ మీటరు నీటిలోనూ నీలాన్ని సరిగ్గా చదువుతుంది. కొనక్కర్లేదు, అక్కడి రీఫ్ క్లబ్బుల్లో, కొన్ని షాపుల్లో ఒక రోజుకు అడిగి చూడండి. ఇసుక మీద ఐదు చోట్ల, రాళ్ల మీద ఐదు చోట్ల కొలిచి, కాగితం మీద ట్యాంకు బొమ్మ గీసి అంకెలు వేసుకోండి. ఆ తర్వాతే పగడాల చోటు తేల్చుకోండి.

ప్రశ్న: 24 వాట్ల టీ5 (సన్నపాటి ఫ్లోరసెంట్) ట్యూబులు రెండు తీసేసి కొత్త ఎల్‌ఈడీ పెట్టాను. పది రోజుల్లో మష్రూమ్ ముడుచుకుపోయి రాయిని వదిలేసింది. జోయాంథిడ్లు పాలిపోయాయి, సగం విచ్చుకోవడం లేదు. నీటి పరీక్షల్లో తేడా లేదు. వేసవి కావడంతో నీరు 29 డిగ్రీలు ఉంటోంది.
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఎల్‌ఈడీని ఎంత శాతంతో నడుపుతున్నారో రాయలేదు. లక్షణాలు చూస్తే 100 శాతం అనే అనిపిస్తోంది. వెలుగు మితిమీరితే లోపలి శైవలాలు కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను తయారు చేస్తాయి. పగడం తట్టుకోలేక వాటిని బయటికి తోసేస్తుంది. రంగు పోవడమంటే అదే. నీటి వేడి తోడైతే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మీ ట్యాంకులో రెండూ కలిశాయి.

ఈరోజే లైటును 30 శాతానికి దించండి. తగ్గించే మీట లేకపోతే కిటికీలకు కొట్టే ఫైబర్ దోమల మెష్‌ను రెండు పొరలుగా ట్యాంకు మీద పరిచి, పది రోజులకొక పొర తీయండి. పూర్తిగా ఆర్పేయకండి, మిగిలిన శైవలాలు కూడా ఆకలితో పోతాయి. విడిపోయిన మష్రూమ్‌ను చిన్న రాళ్ల ముక్కలున్న గిన్నెలో వేసి, పైన వల కప్పి, నీటి ఉరవడి తక్కువగా ఉన్న మూలన పెట్టండి. రెండు మూడు వారాల్లో ఏదో ఒక ముక్కను పట్టుకుంటుంది. జిగురుతో అంటించాలని చూస్తే జిగట వదిలి జారిపోతుంది.

వేడి సంగతికొస్తే, నీటి ఉపరితలం మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. పొడిగాలి ఉన్న హైదరాబాద్ వేసవిలో 2, 3 డిగ్రీలు దిగుతుంది. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో అంత దిగదు. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు లేని ఆర్వో నీరే పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. 26 డిగ్రీలకు దించి అక్కడే నిలపండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా లైటు స్థానం, ఉప్పు, మందులు అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో, ఏది దెబ్బతీసిందో తెలియదు.

ప్రశ్న: అండమాన్ వెళ్తున్నాం. తీరంలో పడి ఉన్న పగడపు ముక్కలు రెండు తెచ్చి ట్యాంకులో వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల పట్టికలో ఉన్నాయి. ఎండి తీరానికి కొట్టుకొచ్చిన ముక్కకూ ఇదే వర్తిస్తుంది. దుకాణంలో కొనే పగడానికి కూడా దిగుమతి కాగితాలు అడగండి.

ప్రశ్న: లైటు వైరు మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ప్రమాదమే, ఆలస్యం చేయకండి. ఉప్పునీటి తుంపర వైరు వెంట జారి ప్లగ్గు దాకా పోతుంది. వైరును ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వంపు తిప్పండి, నీటిచుక్క ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ప్లగ్ పాయింటును ట్యాంకు కింద కాకుండా పక్క గోడకు పెట్టించి, ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) వేయించండి. స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీశాక, లైటు అద్దాన్ని వారానికోసారి ఆర్వో నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. అద్దం మీద పేరుకున్న ఉప్పు పొర పగడానికి చేరాల్సిన వెలుగును అడ్డుకుంటుంది. చాలారోజుల తర్వాత తుడిచి ఉంటే ఆ వారం లైటును 10 శాతం తగ్గించి ఉంచండి.