తీర్పు కాగితంలో ఆ ఒక్క ముక్క చూడు

అబ్బయ్యా,

ఫుట్‌పాత్ మీద అమ్మకాల బండి పెట్టావని కోర్టు రెండు వేలు జరిమానా వేసిందని, నువ్వేమో అప్పీలుకు పోతానంటున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. ఒకపక్క భయం. ఇంకోపక్క, మన ఇంట్లో ఒకడైనా ఎదురు అడుగుతున్నాడే అని సంతోషం.

తీర్పు సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలుకు, ఈరోజే అర్జీ పెట్టు. సెషన్స్ కోర్టులో అప్పీలుకు తీర్పు రోజు నుంచి 30 రోజులు గడువు. కాపీ కోసం పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. అట్లని 29వ రోజు దాకా కూర్చోకు, నీ సంగతి నాకు తెలుసు.

కాపీ చేతికొచ్చాక, 'నేరం ఒప్పుకున్నాడు' అని ఎక్కడైనా ఉందేమో ముందు చూడు.

నా కథ మీ నాయన నీకు చెప్పి ఉండడు. బజ్జీల బండి నడిపే రోజుల్లో నన్నూ ఇట్లే కోర్టుకు పిలిచారు. ఆరోజు నా బండి రోడ్డు మీద లేనే లేదు, టైలరు తన అరుగు పక్కన ఇచ్చిన జాగాలో ఉంది. చెప్పుకోవాల్సింది అదే. కానీ ఇంట్లో శెనగపిండి కలిపి పెట్టి వచ్చా, పాడవుతుందని నా తొందర. పక్కన నిలబడినాయన "ఒప్పుకుంటే ఐదు నిమిషాల పని, మూడొందలు కట్టి పో" అన్నాడు. తలూపి, సంతకం పెట్టి వచ్చేశా. ఆ సాయంత్రం బజ్జీలు నూట యాభైకి అమ్ముడుపోయాయి. ఆ లెక్క ఇంకా గుర్తే.

ఆరు నెలలకు మళ్ళీ కేసు. ఈసారి "పాత ముద్దాయివే కదా" అన్నారు. పాతదాని మీద అప్పీలు వేద్దామని పోతే, వకీలు కాగితం చదివి వెనక్కి ఇచ్చాడు. ఒప్పుకున్నాక శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో అడగొచ్చు గానీ, నేరమే చెయ్యలేదని అనేదానికి లేదంట. గడువు కూడా ఎప్పుడో దాటింది.

నువ్వు ఒప్పుకోలేదనే మీ నాయన అంటున్నాడు. అయినా నువ్వే చదువు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్ విచారణలో చూపించనే లేదంట కదా! పెట్టెలో పెట్టి పూజ చేసేదానికా అది? వకీలు చేతిలో పెట్టు. అప్పీలు తేలేదాకా జరిమానా ఆపమని పిటిషన్ కూడా వేయమను. ఫీజుకు ఇబ్బందైతే మొహమాటపడకు, 15100కి ఫోన్ చేసి, ఉచిత న్యాయ సాయం చేసే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళను అడుగు.

తిట్టానని మనసులో పెట్టుకోకు. కాపీ వచ్చిన రోజు చెప్పు, కర్నూలు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి కడపకు వస్తా. మీ పెద్దమ్మ ఉగ్గాని కట్టిస్తానంటోంది.

నీ పెదనాయన